పార్లమెంటుతో ముడిపడిన పని చేయాలంటే సివిల్సే రాయాలా?

ప్రశ్న: బీఏ పొలిటికల్ సైన్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పార్లమెంటుతో ముడిపడిన ఉద్యోగం చేయాలని ఉంది. ఇంట్లోవాళ్లు సివిల్స్ తప్ప వేరే దారి లేదంటున్నారు. నిజమేనా? ఇప్పటినుంచి ఏం చదవాలి? – ఓ విద్యార్థిని, నల్గొండ

జవాబు: నిజం కాదు. దారులు చాలానే ఉన్నాయి. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం పార్లమెంటు భవనం బయట ఉన్నాయి.

శాసన వ్యవస్థ చట్టం చేస్తుంది, కార్యనిర్వాహక వ్యవస్థ అమలు చేస్తుంది, న్యాయవ్యవస్థ వ్యాఖ్యానిస్తుంది అని డిగ్రీలో చదివి ఉంటారు. పరీక్షకు అది చాలు. ఆచరణలో మూడూ కలగలిసే ఉంటాయి. మంత్రి అయినవారు ఏదో ఒక సభలో సభ్యులై ఉండాలి, లేదంటే ఆరు నెలల్లో కావాలి. మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకు జవాబుదారీ. ప్రభుత్వ బిల్లు తయారయ్యేది మంత్రిత్వ శాఖలో, ఆమోదం పొందేది సభల్లో, ఆ పైన రాష్ట్రపతి సంతకం. చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో తేల్చేది కోర్టు. మీరు అడిగిన ఉద్యోగాలన్నీ ఇలా చేతులు మారే చోట్లే పుట్టాయి. కాబట్టి ముందు ఏ చోటి పని మీకు నచ్చుతుందో చూసుకోండి.

అందుకు ఒక పరీక్ష చెబుతాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం డౌన్‌లోడ్ చేసుకోండి. మొత్తం 44 సెక్షన్లే. 18 ఏళ్లలోపు పిల్లల డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 9వ సెక్షన్ అంటుంది. ఆ అనుమతి ఎలా తీసుకోవాలో మాత్రం అందులో ఉండదు, నియమాల్లో చెప్పిన విధంగా తీసుకోవాలని వదిలేసింది. ఆ నియమాలు రాసేది పార్లమెంటు కాదు, కేంద్ర ప్రభుత్వం. చట్టం 2023 ఆగస్టులో వస్తే నియమాలు నోటిఫై అయ్యేసరికి 2025 నవంబరు వచ్చింది. ప్రభుత్వ సంస్థల్లో దేన్ని చట్టం నుంచి మినహాయించాలో నోటిఫై చేసే అధికారాన్నీ 17వ సెక్షన్ ప్రభుత్వానికే ఇచ్చింది.

మరి పార్లమెంటుకు మిగిలిందేమిటి? 41వ సెక్షన్ చూడండి. నియమాలను సమావేశాల కాలంలో ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒప్పుకుంటే వాటిని మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు. అయితే అప్పటికే వాటి కింద జరిగిన పనులు చెల్లుతాయి. సభలు పట్టించుకోకపోతే నియమాలు అలాగే నడిచిపోతాయి. ప్రభుత్వానికి మెజారిటీ ఉన్న సభలో ఈ అధికారం చాలావరకు కాగితం మీదే ఉండిపోతుంది. అసలు పరిశీలన అంటూ జరిగితే ఇలాంటి నియమాలను చూసే పార్లమెంటు సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలో జరగాలి. ప్రభుత్వానికి ఇలా వదిలేసిన అధికారాలన్నీ ఏకరువు పెట్టే మెమొరాండం ఒకటి బిల్లు చివరి పేజీల్లో ఉంటుంది, వార్తలు రాసేవాళ్లు కూడా తరచూ అక్కడిదాకా రారు. అది చదువుతుంటే నిద్ర వస్తే ఈ రంగం మీకు కాదు. పెన్సిల్ తీసి గీతలు పెట్టాలనిపిస్తే ముందుకెళ్లండి.

డిగ్రీ అవగానే ప్రయత్నించదగ్గది ల్యాంప్ ఫెలోషిప్. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రిసెర్చ్ సంస్థ దీన్ని నడుపుతుంది. ఎంపికైనవారు ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా పరిశోధన సహాయకులుగా పనిచేస్తారు. బిల్లులపై నోట్స్, ప్రసంగాలకు సమాచారం, సభలో అడిగే ప్రశ్నలు తయారుచేయడం ముఖ్యమైన పని. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, కానీ వయసు 25 లోపు ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నాలుగేళ్లు కోచింగ్‌లో గడిపి, సివిల్స్ రాక, అప్పుడు దీనివైపు చూసేసరికి అర్హత దాటిపోయి ఉంటుంది.

ప్రశ్న రాయడం తేలికనుకోకండి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పేవి), 230 నక్షత్రం లేనివి (రాతపూర్వక జవాబు వచ్చేవి). వచ్చిన నోటీసులు అంతకన్నా ఎక్కువ, అందుకే లాటరీ తీస్తారు. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, ప్రశ్న 150 పదాలు దాటకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం, అభిప్రాయం అడగడం, కేంద్రానికి ప్రధానంగా సంబంధం లేని అంశం అయితే తిరస్కరిస్తారు. మీ జిల్లా సమస్యే తీసుకోండి. ‘నల్గొండలో ఫ్లోరైడ్ ఎప్పుడు పోతుంది?’ అని అడిగితే తాగునీరు రాష్ట్ర జాబితాలోని అంశమంటూ రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. అదే ‘జల్ జీవన్ మిషన్ కింద గత మూడేళ్లలో తెలంగాణకు ఏటా ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఫ్లోరైడ్ ఉన్న ఆవాసాలు ఎన్ని’ అని అడిగితే అది కేంద్ర పథకం కాబట్టి మంత్రిత్వ శాఖ లెక్క చెప్పక తప్పదు. లోక్‌సభ వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి. వారానికి అయిదు చదివి, జవాబు ఎక్కడ తప్పించుకుందో రాసుకోండి. ఇంటర్వ్యూలో ఈ అలవాటు కనిపిస్తుంది.

పెద్దగా ఎవరూ చెప్పని మరో దారి ఆడిట్. పార్లమెంటు మంజూరు చేసిన డబ్బు ప్రభుత్వం ఎలా ఖర్చు చేసిందో కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) తనిఖీ చేస్తుంది. ఆ నివేదిక రాష్ట్రపతి ద్వారా సభల ముందుకు వచ్చి పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వెళ్తుంది. అందులో 15 మంది లోక్‌సభ, ఏడుగురు రాజ్యసభ సభ్యులు. 1967 నుంచి చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. కమిటీ ముందు కూర్చుని జవాబు చెప్పేది మంత్రి కాదు, శాఖ కార్యదర్శి. ప్రభుత్వాన్ని నిలదీయడంలో సభలో అరుపులకంటే ఈ గది బలమైనదని నా అభిప్రాయం. అయితే నివేదికలు ఆలస్యంగా రావడం, కమిటీ కొన్నింటినే లోతుగా చూడగలగడం దీని బలహీనతలు. ఈ విభాగంలో చేరడానికి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష (ఎస్‌ఎస్‌సీ సీజీఎల్) ద్వారా ఆడిటర్ పోస్టులు ఉన్నాయి. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. హైదరాబాద్ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులోనే పోస్టింగ్ వస్తుందని మాత్రం లెక్కేసుకోవద్దు.

బిల్లు రాయడమే మీకు ఇష్టమైతే లా చదవాలి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. కేంద్ర న్యాయశాఖలోని లెజిస్లేటివ్ విభాగానికి బిల్లుల ముసాయిదాలో శిక్షణనిచ్చే సంస్థ ఉంది, లా విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. ఆ శాఖ న్యాయాధికారుల సర్వీసైన ఇండియన్ లీగల్ సర్వీస్‌లో నేరుగా చేరాలంటే లా డిగ్రీ తర్వాత కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. అంటే ఇది ఏడెనిమిదేళ్ల ప్రణాళిక. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో న్యాయమూర్తులకు సహాయపడే లా క్లర్క్ ఉద్యోగాలకూ ఇదే డిగ్రీ. సభకూ కోర్టుకూ మధ్య గీత ఎక్కడుందో చూడాలంటే ఫిరాయింపుల కేసులు చదవండి. పార్టీ మారిన సభ్యుల అనర్హతపై స్పీకర్ నిర్ణయం న్యాయ సమీక్షకు అతీతం కాదని 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూలై 31న తెలంగాణ ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది. అనర్హతపై తీర్పు మాత్రం తాను ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చదివి అర్థం చేసుకుంటే పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ తెలుస్తుంది.

లోక్‌సభ, రాజ్యసభ సచివాలయాలు వేర్వేరు. 98వ అధికరణం ప్రకారం వాటి సిబ్బంది ప్రభుత్వ శాఖల కింద ఉండరు. రిపోర్టర్, అనువాదకులు, పరిశోధన పోస్టులకు నోటిఫికేషన్లు వస్తాయి కానీ క్రమం ఉండదు. వాటికోసమే కూర్చోవద్దు, వచ్చినప్పుడు దరఖాస్తు చేయండి.

ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: సివిల్స్ వదిలేయడం లేదు, జనరల్ అభ్యర్థికే 32 ఏళ్ల దాకా అవకాశం ఉంది. జనరల్ స్టడీస్ రెండో పేపర్ 250 మార్కులు, అందులో పార్లమెంటు పనితీరు, అధికార విభజన సిలబస్‌లోనే ఉన్నాయి. ముందు ఫెలోషిప్‌కు దరఖాస్తు, అది రాకపోతే ఆ ఏడాదే సీజీఎల్, లాసెట్ రాయడం, ప్రిలిమ్స్ ఆ తర్వాత. ఈ వరుసను తిప్పి మొదలుపెడితే 25 దాటాక ఫెలోషిప్ మళ్లీ దొరకదు.