కుక్కల దగ్గరికి వెళ్లేకొద్దీ భయం పెరుగుతోందా? కారణం ఇదీ

చిన్నప్పుడు కుక్క కరిచిందని, భయం పోగొట్టుకోవాలని రోజూ కుక్క దగ్గరికి వెళ్తున్నా అది పెరుగుతూనే ఉందని రాశారు. కారణం మీరు రాసిన ఒక్క వాక్యంలోనే ఉన్నట్టుంది: "రోజూ కుక్క దగ్గరికి వెళ్తున్నా, గుండె దడ మొదలవగానే వెనక్కి వచ్చేస్తున్నాను." వెనక్కి రాగానే టెన్షన్ దిగుతుంది కదా, ఆ ఊరటను చూసి మెదడు 'పారిపోయాను కాబట్టే బతికాను' అని నేర్చుకుంటుంది. చిన్నప్పుడు కుక్క కరిచినప్పుడు పుట్టిన భయాన్ని ఇప్పుడు పెంచుతున్నది ఆ వెనకడుగే.

1. కట్టేసి ఉన్న, నెమ్మదైన కుక్కను ఎంచుకోండి. భయం పదికి నాలుగైదు ఉన్న దూరంలో ఆగండి.

2. అక్కడే ఉండండి. చాలామంది వదిలేసేది ఇదే. దడ పెరుగుతుంది, కాసేపు అలాగే ఉంటుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. కనీసం సగానికి తగ్గేదాకా కదలొద్దు, ఫోన్‌లోకి తల దూర్చొద్దు, కుక్కనే చూడండి.

3. తగ్గాకే ఇంకో అడుగు. 1924లో అమెరికన్ సైకాలజిస్ట్ మేరీ కవర్ జోన్స్ కూడా కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టారు.

4. వేరే కుక్కలతో, వేరే చోట్ల కూడా చేయండి. పాత భయం పూర్తిగా చెరిగిపోదు, కొన్నాళ్లకు మళ్లీ తలెత్తొచ్చు. కంగారు పడకుండా రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.

ఒంటరిగా నిలబడలేకపోతే సైకాలజిస్ట్‌తో కలిసి చేయండి.