45 మంది డబ్బు కట్టాకే హాలుకు అడ్వాన్సు

ప్రశ్న: తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 2002లో పదో తరగతి పూర్తి చేశాం. పాతికేళ్లు నిండుతున్నాయని వచ్చే సంక్రాంతికి ఆత్మీయ సమ్మేళనం అనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో 84 మంది ఉంటే 70 మంది వస్తామన్నారు. తలా 3,000 రూపాయలు అనుకుని, డబ్బు బాధ్యత నాకు అప్పగించారు. హాలు అడ్వాన్సు ముందు నన్నే ఇచ్చేయమంటున్నారు. 3,000 సరిపోతుందా? తగ్గితే ఏం చేయాలి?

జవాబు: మీ జేబులోంచి అడ్వాన్సు ఇవ్వకండి. గ్రూపులో బొటనవేలు పైకెత్తిన 70 మందీ వస్తున్నట్టు కాదు. డబ్బు కట్టినవాళ్లే లెక్కలోకి వస్తారు.

ఖర్చును రెండు ముక్కలు చేయండి. ఎంతమంది వచ్చినా మారనిది ఒకటి, తలకింత చొప్పున పెరిగేది రెండోది. కింది అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలతో మార్చుకోండి. హాలు 30,000, మైకు, స్టేజీ, ఫ్లెక్సీలు 15,000, ఫొటో, వీడియో 20,000. 12 మంది గురువులకు శాలువా, జ్ఞాపిక, కారు కలిపి 18,000. చిల్లర ఖర్చులు 7,000. ఇక్కడికి 90,000. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. పెద్ద వయసు గురువుల వెంట ఇంట్లోవాళ్లు ఒకరు వస్తారు. మైకు, వీడియో కుర్రాళ్లు, డ్రైవర్లు కలిపి మరో 10 మంది. అంటే గురువులు 12, వాళ్ల వెంట వచ్చేవాళ్లు 12, ఈ 10 కలిపి డబ్బు కట్టని ప్లేట్లు 34. టిఫిను, భోజనం, టీ కలిపి 470 చొప్పున దాదాపు 16,000. మారని ఖర్చు మొత్తం 1,06,000 అయింది.

మీ వాళ్లకైతే తిండి 470, సంచీ, బ్యాడ్జి 130, మొత్తం తలకు 600. అంటే 3,000లో మారని ఖర్చుకు మిగిలేది 2,400. ఆ 1,06,000 పూడాలంటే 45 మంది కట్టాలి. 40 మందే కడితే 10,000 లోటు, 50 మంది కడితే 14,000 మిగులు, 70 మంది కడితే 62,000 మిగులు. కాబట్టి 3,000 సరైన అంకే, కానీ కనీసం 45 మంది కడితేనే. భార్యాపిల్లలతో వచ్చేవాళ్ల దగ్గర అదనంగా తలకు 600 తీసుకోండి, లేకపోతే ఈ లెక్క మొత్తం తప్పుతుంది.

వసూలు రెండు విడతలుగా పెట్టండి. దసరాలోపు 1,000, అది తిరిగి ఇవ్వరని ముందే చెప్పండి. నవంబరు ఆఖరుకు 2,000. మొదటి విడత 45 మంది నుంచి వస్తే చేతిలో 45,000 ఉంటుంది. హాలు, వంట, మైకు అడ్వాన్సులు అందులోంచే ఇవ్వండి. రాకపోతే హాలు మానేసి బడి ఆవరణలోనే షామియానా వేయడానికి హెడ్మాస్టరు గారి అనుమతి అడగండి.

తేదీ విషయంలో నా ఓటు ముక్కనుమకు. మీ బ్యాచ్ ఆడవాళ్లలో చాలామంది పండక్కి పుట్టింటికి వచ్చి ఉంటారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు పెడితే పక్క ఊళ్లవాళ్లు రారు. పుష్యమాసంలో పెళ్లి ముహూర్తాలుండవు, హాలు ధర గట్టిగా బేరమాడొచ్చు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు మాత్రం పండక్కి ఊళ్లకు పోతారు. ఎంతమంది ఉంటారో కేటరర్ దగ్గర ముందే రాయించుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి నవంబరు మొదటి వారం దాటకుండా తేదీ ప్రకటించండి.

హాలు వాళ్లు చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో అడగండి. కేటరింగ్‌కు 5 శాతం. కరెంటు, జనరేటర్ డీజిల్, శుభ్రం చేసినందుకు విడిగా తీసుకుంటారా అన్నది కాగితం మీద ఉండాలి. తాళాలు తీసుకునేటప్పుడు ఒకసారి, అప్పగించేటప్పుడు ఒకసారి కరెంటు మీటరు రీడింగ్ ఫోన్లో ఫొటో తీయండి. బిల్లు దగ్గర గొడవ పడేది దాని మీదే.

డబ్బు మీ జీతం ఖాతాలో కలపకండి. వాడకుండా పడి ఉన్న సేవింగ్స్ ఖాతా ఒకటి దీనికే కేటాయించండి. ఇద్దరూ సంతకం పెట్టే ఖాతా మంచిదే కానీ, దానికి సాధారణంగా యూపీఐ రాదు. నాలుగైదు నెలల డబ్బు ఇది, మ్యూచువల్ ఫండ్ల జోలికి వద్దు. పంపేటప్పుడు నోట్‌లో తమ పేరు రాయమనండి. భర్త నంబరు నుంచి వచ్చిన 1,000 ఎవరిదో తేల్చుకోవడానికే సగం రోజు పోతుంది.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో గ్రూపులో జాబితా పెట్టకండి. 3,000 భారమయ్యేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, వాళ్లు చెప్పరు, రావడం మానేస్తారు. గ్రూపులో మొత్తం అంకె మాత్రమే పెట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్ మరో ఇద్దరికి చూపించండి. రెండు మూడు సీట్ల డబ్బు ఇవ్వగలిగినవాళ్లను విడిగా ఫోన్ చేసి అడగండి.

మిగులు బడికిస్తామని మొదటి రోజే రాసి పెట్టండి. విదేశాల్లో ఉన్నవాళ్లు భారత పౌరులే అయితే బడి విరాళంగా వాళ్ల సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవాళ్ల విరాళం మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. వాళ్ల దగ్గర భోజనాల వాటా తీసుకోండి, బడి విరాళం మీ ఖాతాలోకి రానివ్వకండి.