ప్రిన్సిపాల్ పదవి ఇస్తామంటున్నారు, ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు

ప్రశ్న: నా వయసు 47. హైదరాబాద్‌లో ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో 21 ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చిన రెండుసార్లూ రిపోర్టు నేనే రాశాను. జూన్‌లో మా ప్రిన్సిపాల్ రిటైరవుతున్నారు. ఆ బాధ్యత తీసుకోమని మేనేజ్‌మెంట్ నన్ను అడిగింది. మావారు వేరే కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్. విషయం చెప్పగానే ‘నీ ఇష్టం’ అన్నారు. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. ‘పిల్ల ఇంటర్ అయ్యేదాంక ఆగరాదమ్మా’ అంటున్నారు మా అత్తయ్య. స్టాఫ్‌రూమ్‌లో కొందరు ‘లేడీస్ కోటా’ అని నవ్వుకుంటున్నారట. వద్దని చెప్పేస్తే అందరికీ ప్రశాంతంగా ఉంటుందేమో!
– ఒక లెక్చరర్, ఉప్పల్

జవాబు: భర్త గురించి, అత్తగారి గురించి, పాప గురించి, చివరికి స్టాఫ్‌రూమ్ గురించి కూడా రాశారు. ఆ పదవి మీకు కావాలో వద్దో మాత్రం ఎక్కడా రాయలేదు. ముందు అది తేల్చుకోండి. ల్యాబ్ వదిలేసి ఫీజుల గొడవలు, అఫిలియేషన్ ఫైళ్లు చూడటం ఇష్టం లేకపోతే వద్దనండి. అందులో తప్పేమీ లేదు. కానీ ‘నాకు ఇష్టం లేదు’ అనే చెప్పండి, ‘పాప కోసం మానేశాను’ అనకండి. రేపు ఎప్‌సెట్‌లో (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకు తగ్గితే ఆ పిల్ల తన బాధతో పాటు మీ పదవి పోయిన బాధ కూడా మోయాల్సి వస్తుంది.

నాకైతే మీకు ఆ పదవి కావాలనే అనిపిస్తోంది. న్యాక్ రిపోర్టుల సంగతి మీరు ఊరికే రాసి ఉండరు.

ఇక ఆగడం సంగతి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రిన్సిపాల్ పదవీకాలం ఐదేళ్లు. పనితీరు బాగుంటే మరో ఐదేళ్లు పొడిగించవచ్చు. ఈ జూన్‌లో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే మీ వంతు వచ్చేది 52 ఏళ్లకో, 57కో. అదీ అప్పటికి మిమ్మల్ని ఎవరైనా గుర్తుపెట్టుకుంటే. పాప ఇంటర్ అయిపోయాక బీటెక్ సీటు, తర్వాత ఉద్యోగం, సంబంధాలు, అత్తగారి మోకాళ్ల నొప్పులు. ఏమీ లేని ఏడాది ఏ ఇంట్లో ఉంటుంది చెప్పండి! అయితే ఆవిడను తప్పుపట్టను. పొద్దున్నే బాక్స్ ఎవరు కడతారు, సాయంత్రం పిల్లను ఎవరు తీసుకొస్తారు అన్నదే ఆవిడ బెంగ అయి ఉంటుంది. దానికి మీరిద్దరూ కలిసి జవాబు చెబితే సగం టెన్షన్ పోతుంది.

అసలు కష్టం మీవారితో. ఆయనదీ ఇదే వృత్తి. రేపు స్పాట్ వాల్యుయేషన్ దగ్గర, పెళ్లిళ్లలో ‘ఏంటి సార్, ఇంట్లో ప్రిన్సిపాల్ మేడమట!’ అనేవాళ్లుంటారు. ఆ మాటలు ఆయన చెవిలో ఇప్పటికే మోగుతున్నాయేమో. పాప ఇంట్లో లేనప్పుడు ఎదురుగా కూర్చుని ‘మీకు ఏం ఇబ్బందిగా ఉంది?’ అని అడగండి. ఒప్పుకోమని బతిమాలొద్దు, వాదించొద్దు. ఆయన చెప్పింది చివరిదాకా వినండి. ఆ తర్వాత పనులు పంచుకోండి. ‘కాస్త హెల్ప్ చేయండి’ అంటే ఎవరైనా సరేనంటారు, మర్నాటికి మర్చిపోతారు. అత్తయ్య షుగర్ చెకప్ ఆయనది, పాపను కాలేజీ నుంచి తేవడం ఆయనది, పనమ్మాయి రాని రోజు వంటింట్లో సగం ఆయనది... ఇలా ఒక్కో పనీ విడిగా మాట్లాడుకోండి. మూడు వారాలైనా ఆయన నోరు విప్పకపోతే ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లండి.

స్టాఫ్‌రూమ్ నవ్వుల మీద ఎక్కువ టైమ్ పెట్టను. న్యాక్ రిపోర్టు ఏ కోటాలో రాశారో వాళ్లనే అడగాలి! 2021-22 ఉన్నత విద్యా సర్వే లెక్కల్లో దేశంలోని కాలేజీ, యూనివర్సిటీ టీచర్లలో 43 శాతం మహిళలే. పై కుర్చీల దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. విద్యావేత్త హంసా మెహతా బరోడా యూనివర్సిటీకి 1949లోనే వైస్ ఛాన్సలర్ (వీసీ) అయ్యారు. జేఎన్‌యూకు తొలి మహిళా వీసీ వచ్చింది మాత్రం 2022లో, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి 2024లో. అలవాటు లేక నవ్వేవాళ్లు కొన్నాళ్లు నవ్వుతారు.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ అనుమానం మీ మేనేజ్‌మెంట్ మీద. ‘ప్రస్తుతానికి ఇన్‌ఛార్జిగా ఉండండి మేడమ్’ అని నోటిమాటతో కూర్చోబెట్టి, పనంతా చేయించుకుని, ఏడాది తిరిగేసరికి ఇంకొకరిని తెచ్చే కాలేజీలు ఉన్నాయి. మీ వైపు నుంచి యూజీసీ అడిగే పీహెచ్‌డీ, 15 ఏళ్ల అనుభవం, పది పరిశోధనా పత్రాలు, 110 రీసెర్చ్ స్కోరు (పరిశోధన పనికి ఇచ్చే పాయింట్లు) సరిపోతున్నాయో లేదో చూసుకోండి. తర్వాత వాళ్లను అడగండి: పూర్తి స్థాయి నియామకమేనా, ఎన్నేళ్లకు, జీతం ఎంత, వారానికి ఎన్ని క్లాసులు, చెక్కుల మీద సంతకం ఎవరిది? ఈలోగా కోఠీ ఉమెన్స్ కాలేజీలోనో మరోచోటో ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన మేడమ్ ఎవరైనా తెలిసుంటే వెళ్లి కలవండి. మొదటి ఏడాది ఇల్లు ఎలా నెట్టుకొచ్చారో అడగండి. మేనేజ్‌మెంట్ ఇచ్చే కాగితం చేతికొచ్చి, చదివేదాకా వాళ్లకు అవుననీ చెప్పకండి, కాదనీ చెప్పకండి.