సిటీ ఉద్యోగంలో చేరబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి ఖమ్మం నుంచి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, సగం జీతానికి సియాటిల్ సిటీ ప్రభుత్వంలో చేరుతున్నావట. పేటల్లో తిరిగి జనంతో మాట్లాడే పనట. "దాన్ని నువ్వే చెడగొట్టావక్కా" అంది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. పక్క ఊళ్ళో ఇరవై రెండేళ్ళు ఇదే పని చేసినదాన్ని, నాలుగు మాటలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మామూలు సంగతులు నీకు తెలుసు. మీటింగుకి అరగంట ముందే వెళ్ళు. ఫ్లయర్లు ఆ పేట వాళ్ళ భాషల్లో వేయించు. పిల్లలు ఆడుకోవడానికి ఒక మూల చూడు. చెప్పులు కాదు, వాన బూట్లు కొనుక్కో.

చరిత్ర మాత్రం చదువుకునే వెళ్ళు. నల్లజాతి వాళ్ళ పాత పేట సెంట్రల్ డిస్ట్రిక్ట్‌లో ఏ పెద్దాయన తలుపు తట్టినా ఆయనకు అది నోటికి వచ్చు. నల్లజాతి వాళ్ళకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్న ఊరిది. ఆ వివక్షను ఆపే చట్టాన్ని 1964లో జనం ముందు ఓటుకు పెడితే, ఒక ఓటు అవునంటే రెండు కాదన్నాయి. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశాక గానీ సిటీ కౌన్సిల్ దాన్ని ఆమోదించలేదు. వేరే చోట ఇల్లు దొరకనివ్వక ఒకే పేటలోకి నెడితే, వాళ్ళు అక్కడే చర్చిలూ కొట్లూ బతుకూ కట్టుకున్నారు. 1970ల్లో ఆ పేటలో పదిమందిలో ఏడుగురు వాళ్ళే. అద్దెలూ పన్నులూ పెరిగి ఇప్పుడు పదిమందిలో ఇద్దరు కూడా మిగల్లేదు. నువ్వు ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని అడిగితే, ఎవరి అభిప్రాయం అడుగుతున్నావమ్మా, వాళ్ళంతా వెళ్ళిపోయారు కదా అంటారు. ఆ మాటకి నొచ్చుకోకు.

2004లో సిటీ జాతి, సామాజిక న్యాయం కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఏ పథకం, ఏ బడ్జెట్ ముట్టుకున్నా దీనివల్ల ఎవరికి మేలు, ఎవరి మీద భారం అని ముందే తేల్చుకోవాలి. దానికో ప్రశ్నల పత్రం ఉంది. మొదటి వారంలోనే నీ చేతిలో పెడతారు. మంచి పత్రమే. కానీ పత్రం నింపడం తేలిక బుజ్జీ. నేనూ నింపాను, ఒక్క గడి వదలకుండా నింపాను. అదే చెప్పాలి నీకు.

2011 ఆగస్టు. ఒక రోడ్డు బాగుచేయడానికి డబ్బు వచ్చింది. ఫుట్‌పాత్‌లు, దీపాలు, దాటే చోట గీతలు. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సోమాలియా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు చాలా ఉండేవి. మంగళవారం సాయంత్రం ఆరున్నరకు మీటింగ్ పెట్టాను. నలభై శాండ్‌విచ్‌లు, కాఫీ తెప్పించి బల్ల మీద సర్దించాను. అది రంజాన్ నెల. నాకు తట్టనే లేదు. అక్కడ ఆగస్టులో పొద్దుగూకేది ఎనిమిదిన్నరకి.

తొమ్మిదిమంది వచ్చారు. ఎనిమిదిమంది సొంత ఇళ్ళున్న తెల్లవాళ్ళు. తొమ్మిదో ఆవిడ సోమాలీ. పదేళ్ళ కొడుకుని వెంటపెట్టుకొచ్చింది. ఖాళీ ఉన్న కుర్చీ తిండి బల్ల పక్కనే. ఉపవాసంతో ఉన్న మనిషి ఆ వాసనలో గంటన్నర కూర్చుంది. ఆ బాబే అనువాదకుడు. నేను ఇంగ్లీషులో గడగడా చెప్తుంటే వాడు రెండు ముక్కల్లో వాళ్ళమ్మకు చెప్పేవాడు.

గోడకు పెద్ద మ్యాప్ అంటించి అందరికీ తలా మూడు పచ్చ చుక్కల స్టిక్కర్లు ఇచ్చాను. ఏది ముందు బాగుచేయాలో అక్కడ అంటించమన్నాను. ఆవిడ మ్యాప్ ముందు చాలాసేపు నిలబడింది. వేలితో రోడ్డు వెంబడి వెళ్ళి, అంచు దాకా వచ్చి ఆగింది. తర్వాత ఒక చుక్క తీసి మ్యాప్ మీద కాదు, పక్కన గోడ మీద అంటించింది. రాత్రి పదకొండుకు పని నుంచి వచ్చి ఆవిడ బస్సు దిగేది అక్కడ. దీపం లేదు. దాటడానికి గీతలు లేవు. మా మ్యాప్ దానికి ఒక వీధి ముందే అయిపోయింది.

అందరూ వెళ్ళాక చుక్కలు లెక్కపెట్టాను. గోడ మీది చుక్కను గోకి తీసి చెత్తబుట్టలో వేశాను. ప్రాజెక్టు హద్దులో లేదు కదా అనుకున్నాను. రిపోర్టులో ‘స్థానికులను సంప్రదించాం’ అని రాశాను. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద వెళ్ళి ఆ ఇల్లు వెతికితే, అద్దె పెంచారని ఇంకా దక్షిణానికి వెళ్ళిపోయారన్నారు. ఆవిడ పేరు కూడా నేను రాసుకోలేదు.

కాబట్టి మ్యాప్ ప్రింటుకు వెళ్ళకముందే నువ్వు ఆ వీధుల్లో నడు. రాత్రి పదకొండుకు కూడా నడు. ఒక్కదానివే మాత్రం వెళ్ళకు, మీ అమ్మ నన్ను చంపేస్తుంది. ఎవరినైనా ఏదైనా అడిగావంటే, పని అయినా కాకపోయినా మళ్ళీ వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి చెప్పి రా. నీ పై ఆఫీసర్ టైమ్ లేదంటాడు. శనివారం వెళ్ళు.

ఆ ఎనిమిదిమందినీ తప్పుపట్టకు. వాళ్ళు ఊరి మీద ప్రేమతోనే వస్తారు, సాయంత్రం తీరిక ఉండి వస్తారు. 2016లో సియాటిల్ మేయర్ 13 పేటల కౌన్సిళ్ళతో, అంటే అక్కడి జనం సంఘాలతో, సిటీకున్న అధికారిక సంబంధాన్ని తెంచేశాడు. వాటికి వచ్చేది ఎక్కువగా వయసు మీరిన, సొంత ఇళ్ళున్న తెల్లవాళ్ళేనన్నది కారణం. చాలామంది నొచ్చుకున్నారు. నిర్ణయం సరైందేనని నా నమ్మకం. అయినా నువ్వు వాళ్ళకూ ఫోన్ చేస్తూ ఉండు.

ఇంకొకటి. ఇది రాయడానికి నాకు చేయి రావడం లేదు. నువ్వు తెల్లదానివి కావు కాబట్టి, ఆఫీసులో నిన్ను అన్యాయం జరిగిన వాళ్ళ వరసలో లెక్కేస్తారు. నువ్వూ అదే నమ్మేస్తావేమోనని నా భయం. మన అమ్మమ్మగారింట్లో పెరటి గోడ మీద పనిమనిషికి విడిగా ఒక గ్లాసు ఉండేది, గుర్తుందా? నీకు గుర్తుండదు, నువ్వు చిన్నదానివి. నాకుంది. ఇక్కడ మనవాళ్ళ పాట్‌లక్‌లో, ఎవరి వంట వాళ్ళు తెచ్చుకునే ఆ విందులో కూడా, ‘మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు’ అని అడిగి మనిషిని తూచేవాళ్ళు ఉన్నారు. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ రోజు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎన్నెన్నో మాటలు వచ్చాయి. నేను చదివి ఊరుకున్నాను. నువ్వు ఊరుకోకు.

వాషింగ్టన్ డీసీలోని కేంద్ర ప్రభుత్వానికి ఈ పని ఇప్పుడు గిట్టడం లేదు. 2025 నుంచి ఇలాంటి పనులు చేస్తే నిధులు ఆపుతామంటున్నారు. సియాటిల్ ఉన్న జిల్లా లాంటి కింగ్ కౌంటీ, కొన్ని కౌంటీలూ నగరాలతో కలిసి కోర్టుకెక్కింది. రేపు నీ పదవికి పేరు మార్చొచ్చు, పదవే తీసేయొచ్చు. ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకున్నావా? పెట్టుకోకపోతే నన్ను అడుగు, సిగ్గుపడకు తల్లీ.

మీ అమ్మకు రేపు నేను నచ్చజెప్తాలే. నీ మొదటి మీటింగ్ తేదీ ఖాయమయ్యే ముందు నాకు చెప్పు, పండగలన్నీ కలిసి చూద్దాం. ఆ రోజు వచ్చి వెనక వరసలో కూర్చుంటాను. కుర్చీలు సర్దడానికైనా పనికొస్తాను.

నీ పెద్దమ్మ