గడ్డం గీసే కత్తిని వీధిలో సాన పట్టించకండి

మీరు అడిగినవి మూడు సంగతులు. తాతగారి మంగలి కత్తిని మళ్ళీ వాడుకలోకి తేవాలంటే ఏ రాయి కొనాలి, వీధిలోకొచ్చే సాన మనిషికి ఇచ్చేస్తే సరిపోతుందా, ముందు ఒక చవక చైనా కత్తి కొని నేర్చుకోవచ్చా అని. రెండోదానికి ముందు చెప్తాను. ఇవ్వకండి. కత్తిపీటకీ, కొడవలికీ అతను దేవుడే. గడ్డం కత్తి పాలిట మాత్రం యముడు.

మాది విశాఖ. మా బావమరిదికి వాళ్ళ తాతగారి కత్తి అటక మీద దొరికింది. జర్మనీలోని జోలింగెన్‌లో చేసినది, రెండు వైపులా లోపలికి గుల్లగా దిగిన పల్చటి అంచు, వేలితో మీటితే ఖంగుమనేది. నాకు ఒక్క మాట చెప్పకుండా తీసుకెళ్ళి మోటారు చక్రం ఉన్న సాన మనిషికి ఇచ్చాడు. తిరిగొచ్చి "నిప్పురవ్వలు భలే లేచాయి బావా" అని సంబరంగా చెప్పాడు. ఆ రవ్వల మాట వినగానే నా గుండె జారింది. చూస్తే కొస వైపు అంచంతా నెమలికంఠం రంగులో మెరుస్తోంది.

ఆ రంగు ఎందుకొస్తుందంటే, ఉక్కు దాదాపు 300 డిగ్రీల దాకా వేడెక్కింది కాబట్టి. ఇలాంటి కత్తిని చేసేటప్పుడు ఎర్రగా కాల్చి, చప్పున చల్లారేలా ముంచి, మళ్ళీ తక్కువ వేడి మీద బిగువు కుదురుస్తారు. ఆ వేడిని దాటి ఇంకా కాగిందంటే మెత్తబడిపోతుంది. అంచు అంత పల్చగా ఉంటే పొడి చక్రం మీద క్షణం చాలు.

మా వీధి చివరి సెలూన్లో ఒక పెద్దాయన ఉంటాడు. కొడుకు కుర్చీల దగ్గర పని చూసుకుంటే ఆయన మూల స్టూలు మీద పేపరు చదువుతుంటాడు. మా బావమరిదిని అక్కడికి లాక్కెళ్ళాను. ఆయన కత్తిని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశాడు, బొటనవేలి గోరు మీద మెల్లగా లాగాడు. తర్వాత ఎడమ అరచెయ్యి చాచి, దాని మీదే అటూ ఇటూ తిప్పి టపటపా తీశాడు. మా వాడు కళ్ళు మూసుకున్నాడు! పిడి వైపు సగంతో తన ముంజేతి మీద గీస్తే వెంట్రుకలు రాలిపడ్డాయి. కొస వైపు సగంతో గీస్తే ఒక్కటీ తెగలేదు. "ముందు సగం చచ్చిపోయింది బాబూ. ఎంత నూరినా రెండో చెంపకి నిలబడదు" అన్నాడు.

ఇక రాయి సంగతి. వీడియోల్లో వేలకు వేలు పోసి తెప్పించిన బెల్జియం రాళ్ళు వరసగా పేర్చి, వేలాడే వెంట్రుకని గాల్లో తెంపి చూపించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గడ్డం గీసుకునేది వేలాడే వెంట్రుకలతోనా? రాయి నంబరు పెరిగేకొద్దీ దాని గరుకు తగ్గుతుంది. అంచుకి గంట్లు పడినా, బొత్తిగా మొద్దుబారినా 1000 నంబరు రాయి కావాలి. లేకపోతే ఒక వైపు 4000, ఇంకో వైపు 8000 ఉన్న రాయి ఒక్కటి చాలు. 12000 ఉంటే ఇంకాస్త మెత్తగా తెగుతుంది, అంతే. దానికన్నా ముఖ్యం రాయి చదునుగా ఉండటం. పెన్సిలుతో రాయి మీద గళ్ళు గీసి, అద్దం పలక మీద పరిచిన తడి గరుకు కాగితంతో రుద్దండి. గీతలన్నీ ఒకేసారి పోయేదాకా ఆపొద్దు.

నూరేటప్పుడు కోణం గురించి టెన్షన్ పడక్కర్లేదు. మందపాటి వెన్ను, అంచు రెండూ రాయికి ఆనితే చాలు. ఆ కోణం కత్తి చేసినవాడే లెక్కేసి పెట్టాడు. వెన్ను అరగకుండా ఒక పొర ఇన్సులేషన్ టేపు వేసుకోండి. రాయి మీద అంచు ముందు నడవాలి, గీసుకునే ముందు అంచు సరిచేసే తోలు పట్టా మీద వెన్ను ముందు నడవాలి. ఇది తారుమారైతే తోలు తెగుతుంది. తిప్పేటప్పుడు కత్తిని వెన్ను మీదే దొర్లించాలి. బరువు అసలు వేయకూడదు.

నన్నడిగితే నూటికి తొంభై మందికి ఇబ్బంది రాయితో కాదు, తోలుతో. పట్టా వదులుగా పట్టుకుంటే మధ్యలో కుంగుతుంది, అంచు గుండ్రబడుతుంది. తర్వాత "రాయి మంచిది కాదు" అని ఇంకో రాయికి ఆర్డర్ పెడతారు. పట్టా బిగించి పట్టుకుని, గీసుకునే ముందు ప్రతిసారీ కత్తిని దాని మీద అటూ ఇటూ తియ్యండి. అలా చేస్తే నెలల తరబడి రాయి జోలికి పోనక్కర్లేదు. కుట్లు, అచ్చులు ఉన్న పాత బెల్టులు మాత్రం వద్దు.

ఆ రాళ్ళకి పెట్టే డబ్బులో పదో వంతు ఇలాంటి పెద్దాయనకి ఇచ్చి, ఒక పూట పక్కన కూర్చుని నేర్చుకోండి. ఊరికే చెప్పించుకోకండి, చేతిలో డబ్బు పెట్టండి. సెలూన్లలో ఒక్కొక్కరికీ కొత్తగా మార్చే సగం బ్లేడు వచ్చాక ఈ పని తెలిసినవాళ్ళని అడిగే నాథుడే లేడు. సగం బ్లేడు రావడం మంచికే, ఒకరి రక్తం ఇంకొకరికి అంటదు. ఆ లెక్కన మీ కత్తి కూడా మీ ఒక్కరిదే కావాలి, అన్నదమ్ములు పంచుకోవద్దు.

మా సముద్రపు గాలికి ఈ రకం ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు చుక్కలు పెడుతుంది. బాత్రూంలో ఉంచకండి. పూర్తిగా తుడిచి, ఆరాక, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క రాయండి. పెద్దవాళ్ళు కొబ్బరినూనె అంటారు గానీ పాతబడితే అది చెడి వాసనేస్తుంది.

చైనా కత్తి కొనొచ్చు. పెట్టె మీద ఏం రాసున్నా చాలావాటిని నూరుకోకుండా వాడలేం. కొన్నింటికి వెన్ను కూడా రెండు వైపులా సమంగా ఉండదు. చెయ్యి కుదరడానికి అది పనికొస్తుంది, పాడైనా బాధ ఉండదు. తాతగారి కత్తికి అప్పటిదాకా నూనె రాసి బీరువాలో పెట్టండి.