లయ సందేహాలు

ప్రశ్న: యూనివర్సిటీ సంగీత శాఖలో మృదంగం చదువుతున్నాను. ఒక్కడినే వాయిస్తే ఆదితాళం తీర్మానం (ముగింపు జతుల వరస) చక్కగా సమానికి (తాళం చుట్టులో మొదటి దెబ్బకు) వస్తుంది. తాళవాద్య కచేరీ కోసం ఘటం (మట్టికుండ వాయిద్యం), కంజీర (చిన్న డప్పు)లతో కూర్చుంటే మాత్రం సమం కంటే ముందే పడుతోంది. సాధన చాలడం లేదా?
– ఒక విద్యార్థి, చిక్కడపల్లి

జవాబు: చేతి సాధన పెంచితే ఇది పోదు. చాలామందికి జతులు (‘తదిగిణతొం’ లాంటి దరువు పదాలు) బాగానే ఉంటాయి, వాటి మధ్య కార్వైలే (విరామాలే) కుదించుకుపోతాయి.

లెక్క చూడండి. చతురశ్ర గతిలో ఆదితాళం ఆవర్తనానికి (ఒక చుట్టుకు) 8 క్రియలు (దెబ్బ, వేళ్ల లెక్క లాంటి చేతి కదలికలు), క్రియకు 4 అక్షరాల (ఇక్కడ అక్షరమంటే కాలం కొలత) చొప్పున మొత్తం 32. ‘తదిగిణతొం’ 5 అక్షరాలు. దాన్ని మూడుసార్లు, మధ్యలో రెండేసి అక్షరాల కార్వైతో వాయిస్తే 5+2+5+2+5, అంటే 19. మిగిలినవి 13, అవి గడిచాకే మొదలుపెట్టాలి. లఘువులో (తాళంలోని మొదటి నాలుగు క్రియల్లో) దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు అయ్యాక, మధ్యవేలు పడిన తర్వాత ఒక్క అక్షరం వదిలి, రెండో అక్షరం మీద ఎత్తుకోవాలి. అప్పుడే చివరి ‘తొం’ ముగిసిన వెంటనే సమం వస్తుంది.

ఇప్పుడు కార్వై సంగతి. మృదంగం మీద ‘తొం’ ఆ రెండక్షరాలూ మోగుతూనే ఉంటుంది. ఘటం దెబ్బ టక్కున ఆరిపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని ఆపుకోలేక ఘటం వాయించేవారు తర్వాతి ‘త’ కాస్త ముందే అందుకుంటారు. మీ చెయ్యి వారి వెంట పోతుంది. రెండు కార్వైల్లోనూ కొద్దికొద్దిగా తగ్గినా చివరికి సమం తప్పినట్టే.

అందుకే వాయిద్యాలు పక్కన పెట్టి ముగ్గురూ ఎదురెదురుగా కూర్చోండి. చేత్తో తాళం వేస్తూ జతులు నోటితో చెప్పండి. కార్వైని ఊరికే వదలకుండా ‘తొం-అ-అ’ అని సాగదీసి పలకండి. మెట్రోనోమ్ 60 దగ్గర మొదలుపెట్టి, కుదిరాక వేగం పెంచకుండా 50కి దించండి. దాచుకున్న తొందరంతా ఆ విళంబంలోనే (నిదానంలోనే) బయటపడుతుంది. ముగ్గురి గొంతూ ఒకటిగా సమానికి చేరాకే వాయిద్యాలు ముట్టుకోండి. ఫోన్ మధ్యలో పెట్టి రికార్డు చేస్తే ఎవరు ముందు కదిలారో తెలుస్తుంది. వేదిక మీద అర్ధచంద్రాకారంలో, ఒకరి చేతులు ఒకరికి కనిపించేలా కూర్చోండి.

ప్రశ్న: వానాకాలంలో మృదంగం శ్రుతి దిగిపోతోంది. రవీంద్రభారతి లాంటి ఏసీ హాల్లోనేమో వాయిస్తూండగానే ఎక్కిపోతోంది. ఎలా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: రెండింటికీ చర్మమే కారణం. తేమ పీల్చి సడలుతుంది, పొడిగాలికి బిగుస్తుంది. అరగంట ముందే హాలుకు వెళ్లి, వాయిద్యాన్ని సంచిలోంచి తీసి ఆ గాలికి అలవాటు పడనివ్వండి. శ్రుతి ఆ తర్వాతే. కుడి మూత అల్లికను రాయి, కర్రముక్కతో పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కిందినుంచి పైకి కొడితే తగ్గుతుంది. ఒక్కచోటే బాదకండి. ఒక దెబ్బ వేసి, దాని ఎదురువైపు మరొకటి వేసి, అంచు చుట్టూ ‘నం’ పలికించి అన్నిచోట్లా ఒకే స్వరం వస్తోందో లేదో వినండి.

ఎడమ మూతకు బొంబాయి రవ్వ కొద్ది నీళ్లతో జిగురుగా కలిపి, ముందు మూతను తడిచేత్తో తుడిచి, మధ్యలో అద్దండి. నీళ్లెక్కువైతే రవ్వ జారుతుంది, తక్కువైతే కచేరీ మధ్యలో ఊడిపడుతుంది. వాయించడం అయిన వెంటనే గీరి తీసేయండి. రాత్రంతా ఉంచితే గట్టిపడి చర్మాన్ని లాగేస్తుంది, ఎలుకలనూ పిలుస్తుంది.

గాయకులు లేని తాళవాద్య కచేరీ అయితే ముందు ఘటం శ్రుతి వినండి. మట్టికుండ శ్రుతిని మృదంగంలా బిగించి మార్చలేం కాబట్టి మీరే దాని దగ్గరికి రావాలి.

ప్రశ్న: మా అమ్మాయి గాత్రానికి మృదంగం వాయించాలి. శ్రుతి ఐదున్నర (జి షార్ప్). 24 అంగుళాల వాయిద్యం చవగ్గా వస్తోంది. కొనవచ్చా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: వద్దండీ. 24 అంగుళాలది తగ్గు శ్రుతికి, ఎక్కువగా మగ గొంతులకు. ఐదున్నరకు లాగితే కుడి మూత తెగుతుంది, నాదమూ చస్తుంది. 22 అంగుళాల హెచ్చు శ్రుతి మృదంగం తీసుకోండి. కొనే ముందు అమ్మాయిని వెంటబెట్టుకెళ్లి, తంబురా యాప్‌లో ఐదున్నర పెట్టి, అక్కడే శ్రుతి చేయించి చూడండి.