ఆపరేషన్‌కు సరే, పరికరానికి వేరే అనుమతి ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్య గుండె బాగా బలహీనపడింది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరం ఒంట్లో అమర్చాలని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు గారు చెప్పారు. ఆపరేషన్ ఖర్చు పథకం కిందే వస్తుందట, పరికరానికి మాత్రం విడిగా అనుమతి రావాలట. పరికరమే లేకపోతే ఆ ఆపరేషన్ దేనికి? ఇది తప్పించుకునే మాట కాదా? పైగా టెండర్లో తక్కువ ధర చెప్పినవారి సరుకే కొంటారంటున్నారు.
ఒక పాఠకురాలు

జవాబు: మీ కోపం న్యాయమే. కానీ ఆసుపత్రి కొనుగోళ్ల విభాగంలోనే ఉద్యోగమంతా గడిపిన నాకు ఆ మాట ఇంకోలా వినిపిస్తోంది. అనుమతి విడిగా అడుగుతున్నారంటే దానికి డబ్బు కూడా విడిగా ఉండి ఉంటుంది. ఆ ఏర్పాటు లేనిచోటే అసలు చిక్కు.

ఒక్కో రకం కేసుకు ఇంత అని ముందే ఖాయం చేసిన మొత్తం, అంటే ప్యాకేజీ, ఆసుపత్రికి చెల్లించే పద్ధతిని అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 1983లో మొదలుపెట్టింది. తర్వాత చాలా దేశాలు ఆ దారి పట్టాయి. ఆ మొత్తం సగటు లెక్క. మందులు, పడక, పరీక్షలు ఒకరికి ఎక్కువైతే మరొకరికి తగ్గుతాయి, సర్దుకుపోతుంది. ఐసీడీ అలా కాదు, దాని ధరే ప్యాకేజీని మింగేస్తుంది. అమర్చిన ప్రతిసారీ ఆసుపత్రికి నష్టమే. నష్టమని నోటితో ఎవరూ అనరు. ‘వచ్చే నెల చూద్దాం’ అంటారు.

అందుకే ఇంగ్లండ్‌లో ఇలాంటి పరికరాలను ప్యాకేజీ రేటు నుంచి బయటికి తీశారు. 2016లో వాటిని జాతీయ స్థాయిలో కొనే పద్ధతి మొదలైంది. ఒకే పరికరానికి ఆసుపత్రికో ధర చెల్లించే తంతుకు కళ్లెం వేయడం కూడా అందులో ఉద్దేశమే.

విడి ఖాతా ఉన్నచోట అర్హత నిబంధనలూ ఉంటాయి. ముందు జాగ్రత్తగా ఐసీడీ పెట్టడానికి వైద్యులు సాధారణంగా పాటించే కొలత ఇది: తగిన మందులు కనీసం మూడు నెలలు వాడిన తర్వాత కూడా గుండె పంపింగ్ 35 శాతం, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మందులు మొదలుపెట్టకముందు తీసిన ఎకో (ఈ పంపింగ్‌ను కొలిచే గుండె స్కాన్) రిపోర్టు జతచేసి పంపితే ఫైలు తిరుగుటపాలో వచ్చేస్తుంది. తేదీ చూసుకోండి. మీ అన్నయ్యకు ఇప్పటికే ఒకసారి గుండె ఆగి బతికి ఉంటే లెక్క వేరు. ఆ సంగతి దరఖాస్తు మొదటి వరుసలోనే ఉండాలని డాక్టరు గారికి గుర్తుచేయండి.

ఇక టెండరు. సక్రమంగా నడిపేచోట ముందు సాంకేతిక అర్హత చూస్తారు, అందులో నెగ్గినవారి ధరలే తెరుస్తారు. కాబట్టి తక్కువ ధర అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు. నేనైతే ధర కన్నా తర్వాతి సేవ గురించి ఎక్కువ తగవు పడేవాడిని. ఐసీడీని పరీక్షించి సరిచేసే యంత్రాన్ని ప్రోగ్రామర్ అంటారు. ఒక కంపెనీ ప్రోగ్రామర్ మరో కంపెనీ ఐసీడీతో పనిచేయదు. మీకు దగ్గరున్న ఆసుపత్రిలో ఆ కంపెనీది ఉందో లేదో అమర్చకముందే అడగండి.

పెట్టెలో సీరియల్ నంబరు స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి కేసు షీటుకు, ఒకటి రోగి కార్డుకు అంటిస్తారు. ఆ కార్డు తీసుకోకుండా డిశ్చార్జి కావద్దు. బ్యాటరీ అయిపోయాక పరికరాన్నే మార్చాలి. అప్పటి ఖర్చు ఏ ఖాతా నుంచి వస్తుందో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.